మూడు వేల డాలర్లలో స్ట్రోకర్: చెరోకీ తమ్ముడికి జవాబు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది ఒంగోలు, ఉండేది డాలస్ దగ్గర. రెండేళ్ళ క్రితం 1998 జీప్ చెరోకీ కొన్నాను. 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, 5 గేర్ల మాన్యువల్, 2 లక్షల 30 వేల మైళ్ళు తిరిగింది. నాలుగున్నర అంగుళాల లిఫ్టు, 33 అంగుళాల టైర్లు వేయించాను. గిల్మర్ దగ్గర బార్న్‌వెల్ మౌంటెన్‌కి వెళ్తే ఎర్రమట్టి ఎక్కుళ్ళలో బండి చతికిలబడుతోంది, క్లచ్ మాడిన వాసన వస్తోంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే నీలం పొగ. పాత 4.2 జీపు క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వేస్తే పిస్టన్ ఎక్కువ దూరం నడిచి, ఇదే ఇంజను 4.6 లీటర్ల స్ట్రోకర్ అవుతుందని, చవగ్గా అయిపోతుందని విన్నాను. ఒక ఫ్రెండేమో జీఎం వాళ్ళ ఎనిమిది సిలిండర్ల ఎల్‌ఎస్ వీ8 ఎక్కించెయ్యమంటాడు. నా దగ్గరున్నవి 3 వేల డాలర్లు. అది దాటితే ఇంట్లో మాట్లాడరు. ఏం చెయ్యమంటావు?

తమ్ముడూ,

ముందు ఆ వీ8 మాట పక్కన పెట్టు. ఇంజను చవగ్గానే దొరుకుతుంది, కాదనను. దాని వెనక మౌంట్లు, గేరుబాక్సుకి అడాప్టరు, వైరింగు, రేడియేటరు, సైలెన్సర్ పైపులు పెళ్ళివారి వెంట చుట్టాల్లా ఒక్కొక్కటే దిగుతాయి. నీ మూడు వేలు ఆ చుట్టాల కాఫీలకే చాలవు.

ఇక నీ అసలు జబ్బు. బండి చతికిలబడడానికీ, క్లచ్ మాడడానికీ ఇంజనుని తిట్టే ముందు ఒక చిన్న లెక్క వెయ్యి. ఆ కాలపు చెరోకీలు చాలావరకు 225/75 ఆర్15 టైర్లతో వచ్చాయి, ఎత్తు 28 అంగుళాల పైచిలుకు. నువ్వు 33 వేశావు, అంటే టైరు 17 శాతం పెరిగింది. మాన్యువల్ గేరుబాక్సున్న 4.0 చెరోకీకి యాక్సిల్లో ఇచ్చిన గేరు 3.07, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు 3.07 చుట్లు తిరగాలి. ఇంత పెద్ద టైరు వేసేసరికి అది 2.63 గేరు వేసిన బండిలా నడుస్తుంది. హైవే మీద ఐదో గేరు వేస్తే బండి నిద్రపోతోంది కదూ? అందుకే.

స్ట్రోకర్ చేస్తే ఎంతొస్తుందో చూడు. నీ ఇంజను కచ్చితంగా లెక్కేస్తే 3.96 లీటర్లు. 4.2 క్రాంకు వేసి, బోరు (సిలిండర్ వెడల్పు) 30 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ముప్ఫై, పెంచితే 4.59 అవుతుంది. పెరిగింది 16 శాతం. టైరు తిన్నది 17, ఇంజను పెట్టేది 16! ఇంత చాకిరీ చేసి, ఇంత డబ్బు పోసి, పాత టైర్లున్ననాడు బండి ఎలా ఉండేదో అక్కడికి తిరిగొస్తావు.

అదే యాక్సిళ్ళలో 3.07 తీసి 4.56 వేస్తే 48 శాతం. నీ గేరుబాక్సులో ఫస్ట్ గేరు 3.83, నాలుగు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరులో 2.72. అన్నీ గుణిస్తే, చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను ఇప్పుడు 32 చుట్లు తిరుగుతోంది. 4.56 వేస్తే 47 చుట్లు పైనే. క్లచ్ మీద కాలు నొక్కిపెట్టి బతిమాలే పని తప్పుతుంది, వాసనా పోతుంది.

గేర్లు మార్చాలంటే ముందూ వెనకా రెండు యాక్సిళ్ళూ విప్పాలి, సెట్టింగ్ తెలిసినవాడి చేతిలో పడాలి, కూలి బాగానే అడుగుతాడు. చవక దారి ఒకటుంది. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల మాన్యువల్ చెరోకీలకి కంపెనీయే 4.10 గేర్లు ఇచ్చింది. ఇంజను చచ్చిన అలాంటి బండి తుక్కు యార్డులో కనిపిస్తే రెండు యాక్సిళ్ళూ గేర్లతో సహా దింపించుకో. 34 శాతం లాభం, సెట్టింగ్ తలనొప్పి లేదు. కొనే ముందు వెనక యాక్సిల్ కిందకి వంగి చూడు. కవరు కింది అంచు తిన్నగా కోసినట్టుంటే అది క్రిస్లర్ 8.25, కళ్ళకద్దుకుని తెచ్చుకో. కవరు కోడిగుడ్డులా గుండ్రంగా ఉండి, ఆయిలు పోసే రంధ్రానికి రబ్బరు బిరడా ఉంటే అది డానా 35. 33 టైర్లకి, అందులోనూ ముందుముందు స్ట్రోకర్ పెట్టే ఆలోచన ఉన్నవాడికి, అది వద్దు. అసలు నీ బండి కింద ఇప్పుడున్నది ఏమిటో కూడా చూసుకో. ఏబీఎస్ ఉన్న చెరోకీ అయితే డానా 35 ఉండే అవకాశమే ఎక్కువ. అది విరిగేది కూడా ఎర్రమట్టి ఎక్కుడు మధ్యలోనే, ఇంటి ముందు కాదు.

"అన్నా, నేనడిగింది ఇంజను గురించి" అంటావు. వస్తున్నా. నీలం పొగ ఉంది, అంటే ఆయిలు కాలుతోంది కాబట్టే ఈ ఉత్తరాన్ని గేర్ల దగ్గర ముగించలేదు.

పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే పొగొచ్చి ఆగిపోతే అది వాల్వు సీళ్ళ పని కావచ్చు. సీళ్ళు హెడ్డు దింపకుండానే మార్చుకోవచ్చు, ఒక శనివారం చాలు. ఎక్కుడు ఎక్కుతున్నప్పుడూ పొగొస్తుంటే రింగులో, సిలిండర్లో అరిగాయి. ఊహాగానాలు వద్దు, ఒక్కో సిలిండర్లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టు. ఈ ఇంజనుకి కంపెనీ చెప్పింది 120 నుంచి 150 పీఎస్ఐ, సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 30 దాటకూడదు. ఆరూ బాగుంటే సీళ్ళు మార్చి, యాక్సిళ్ళు మార్చి, మిగిలిన డబ్బుతో చెల్లెమ్మని ఎక్కడికైనా తీసుకెళ్ళు. మంచి ఇంజనుని విప్పి స్ట్రోకర్ చెయ్యడం బడ్జెట్ పని కాదు, సరదా పని. సరదాకి బడ్జెట్ ఉండదు.

అంకెలు పడిపోయి ఉంటే మాత్రం ఎలాగూ రీబోరు తప్పదు. అప్పుడు లెక్క మారుతుంది. బోరు కొట్టించాలి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, ఆయిలు పంపు ఎలాగూ కొనాలి. వాటి మీద అదనంగా పడేది ఒక పాత క్రాంకు, ఆరు పాత రాడ్లు (పిస్టన్లని క్రాంకుకి కలిపే కడ్డీలు). స్ట్రోకర్ చవక అన్న మాట ఇక్కడే, ఇక్కడ మాత్రమే నిజం.

ఎందుకంటే ఇవన్నీ ఒకే ఇంటి పిల్లలు. అమెరికన్ మోటార్స్ (ఏఎంసీ) వాళ్ళు ఈ ఆరు సిలిండర్ల వంశాన్ని 1964లో మొదలుపెట్టారు. 4.2 లీటర్లది 1971లో, నీ 4.0 ఇంజను 1987 మోడల్‌తో వచ్చాయి. రెంటికీ ఏడు మెయిన్ బేరింగులే, బేరింగుల్లో కూర్చునే జర్నల్ సైజులూ ఒకటే. తేడా స్ట్రోకులో. నీదాంట్లో పిస్టన్ 3.414 అంగుళాలు నడుస్తుంది, 4.2లో 3.895. కాబట్టి దాని క్రాంకు నీ బ్లాకులో పుట్టింటికొచ్చినట్టు కూర్చుంటుంది.

రాడ్ల దగ్గర ఒక తమాషా ఉంది. 4.2 రాడ్డు నీ రాడ్డు కంటే పావు అంగుళం పొట్టి. స్ట్రోకు పెరిగినందుకు పిస్టన్ పైకి ఎక్కువగా వచ్చేది అందులో సగం, అంటే 0.240 అంగుళాలు. ఒకటి పైకి తోస్తే ఒకటి కిందకి లాగింది, చివరికి పిస్టన్ పాత చోటుకి 10 థౌ కిందనే ఆగుతుంది. అందుకే క్రాంకుతో పాటు ఆ బండి రాడ్లు కూడా తెచ్చుకోమంటారు. నీ పొడుగు రాడ్లే ఉంచుకుంటే సైడు ఒత్తిడి తగ్గుతుంది, నిజమే, కానీ ప్రత్యేకంగా పొట్టి పిస్టన్లు చేయించాలి. ఐదు వేల ఆర్‌పీఎం దాటని మట్టి బండికి ఆ ఖర్చు దండగ.

క్రాంకు ఎక్కడ దొరుకుతుంది? 1990 దాకా వచ్చిన 4.2 రాంగ్లర్లు, పాత సీజే జీపులు, ఏఎంసీ ఈగిల్ కార్లు. ఈగిల్‌ని జీపులవాళ్ళు పెద్దగా పట్టించుకోరు, యార్డులో మూల పడి ఉంటుంది. తూకం కోసం ఉండే ఎదురు బరువులు పన్నెండున్న పాత క్రాంకులు, నాలుగే ఉన్న కొత్త క్రాంకులు అని రెండు రకాలు వస్తాయి. ఏదైనా పనికొస్తుంది. బరువైనది మెల్లగా ఎక్కే బండికి నాకైతే ఇష్టం.

కొనేటప్పుడు ఒక పని చెయ్యి. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో క్రాంకు గ్రైండింగ్ షెడ్డులో పనిచేసేవాడు. ఏ క్రాంకు వచ్చినా ముందు తాడుకి వేలాడదీసి, చిన్న సుత్తితో ఒక్కో బరువు మీదా టంగుమనిపించేవాడు. కుండలమ్మేవాళ్ళ దగ్గర కుండని వేలితో కొట్టి చూస్తాం చూడు, అలాగే. బాగున్న క్రాంకు గుడి గంటలా కాసేపు మోగుతుంది. పగులున్నది ఠప్పుమని చచ్చిపోతుంది. మెషీన్ షాపులో మాగ్నెట్ పరీక్ష ఎలాగూ చేయిస్తావు, కానీ డబ్బులిచ్చి మోసుకొచ్చాక పగులు బయటపడడం కంటే యార్డులోనే చెవి పెట్టడం మేలు. యార్డువాడు వింతగా చూస్తాడు. చూడనీ.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని చెప్తాను, నువ్వు చెయ్యకు. నా మొదటి స్ట్రోకర్‌కి క్రాంకు, రాడ్లు చవగ్గా దొరికేసరికి సంబరపడి, మామూలు 4.0 పిస్టన్లే వేసి, బ్లాకు పైభాగం ముట్టుకోకుండా బిగించేశాను. మొదటి నెల గాల్లో తేలాను. ఆగస్టు ఎండలో చిన్న ట్రైలర్ తగిలించి ఎక్కుడు ఎక్కుతుంటే ముందు నుంచి డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు చప్పుడు. నాకింగ్, అంటే పెట్రోలు మిశ్రమం వేళకి ముందే పేలడం. టైమింగ్ చెయిన్ అనుకుని అలాగే తోలాను. చివరికి విప్పితే నాలుగో పిస్టన్‌లో పై రింగు కూర్చునే గట్టు విరిగి, సిలిండర్ గోడ నిలువునా గీసుకుపోయి ఉంది. రెండోసారి బోరు.

తప్పు ఎక్కడుందో లెక్క చూస్తే తెలుస్తుంది. నీ ఇంజనుకి కంప్రెషన్ నిష్పత్తి 8.8, అంటే పిస్టన్ కిందున్నప్పటి చోటు పైకొచ్చాక మిగిలే చోటుకి 8.8 రెట్లు. స్ట్రోకు పెరిగితే సిలిండర్లోకి వచ్చే గాలి పెరుగుతుంది, అది నలిగే చోటు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అదే పిస్టన్‌తో నిష్పత్తి 9.8 దగ్గరికి పోతుంది. ఇనప హెడ్డున్న ఇంజనుకి, పంపులో దొరికే 87 ఆక్టేన్ పెట్రోలుతో, టెక్సాస్ ఎండలో అది ఎక్కువ.

అంతకంటే పెద్ద తప్పు ఖాళీది. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని చదును భాగానికీ హెడ్డు చదును భాగానికీ మధ్య 40 నుంచి 50 థౌ ఖాళీ ఉంటే, అక్కడున్న మిశ్రమం చిమ్ముకుంటూ ప్లగ్గు వైపు పోయి మంట సాఫీగా పాకుతుంది. నాదాంట్లో పిస్టన్ మామూలుకంటే దిగువన ఆగింది, దాని మీద గాస్కెట్ మందం. మొత్తం 80 థౌ దగ్గరికి వచ్చింది. అంత ఖాళీలో మిశ్రమం మూలన నక్కి, మంట వచ్చేలోపే తనంతట తాను పేలుతుంది.

మందు రెండు భాగాలుగా వెయ్యాలి. ముందు ఒకటో, ఆరో పిస్టన్లు రింగుల్లేకుండా ఉత్తినే బిగించి, డయల్ గేజితో బ్లాకు అంచుకి ఎంత దిగువన ఆగుతున్నాయో కొలువు. నీ గాస్కెట్ నలిగాక ఎంత మందముంటుందో డబ్బా మీద ఉంటుంది. రెండూ కలిపి 45, 50 థౌ దగ్గరికి వచ్చేలా బ్లాకు పైభాగం మిల్లింగ్ చేయించు. దాంతో కంప్రెషన్ ఇంకా పెరుగుతుంది, కాబట్టి పైన గుంట పెద్దదిగా ఉన్న పిస్టన్లు తీసుకుని 9.2, 9.5 మధ్య ఆపు. కొలవకముందే పిస్టన్లు కొనకు, పిస్టన్లు చేతికి రాకముందే బోరు కొట్టించకు. బోరు పిస్టన్‌ని కొలిచి కొట్టాలి, క్యాటలాగ్‌ని చూసి కాదు.

అందుకే బడ్జెట్ పంచేటప్పుడు మెషీన్ షాపు వాటా ముందు తీసి పక్కన పెట్టు. నా రెండో ఇంజనుకి క్రాంకూ రాడ్లూ కలిపి 150 డాలర్లు పడితే షాపు బిల్లు 1,100 దాటింది, అది కూడా కొన్నేళ్ళ నాటి మాట. బోరు, హోనింగ్ (సిలిండర్ గోడ సానపట్టడం), బ్లాకు పైభాగం మిల్లింగ్, క్రాంకు గ్రైండింగ్, రాడ్ల పెద్ద కన్ను సరిచేయడం, రాడ్లూ పిస్టన్లూ తూకం కలపడం, ఇవి వాళ్ళ చేత చేయించు. విప్పడం, కడగడం, బిగించడం నువ్వు చెయ్యి. కూలి అక్కడ మిగుల్చుకో.

చిన్నవే గానీ వదిలేస్తే బండి కదలని సంగతులు కొన్ని. ఫ్లైవీలు నీదే ఉంచుకో, 4.2ది కాదు. నీ బండిలో క్రాంకు సెన్సరు ఫ్లైవీలు మీది గాట్లు చూసి కంప్యూటర్‌కి చెప్తుంది, 4.2 ఫ్లైవీలుకి ఆ గాట్లుండవు. పాత క్రాంకుల్లో కొన్నిటికి ముందు మూతి పొడుగు, దాన్ని కోయించాలి లేదా స్పేసర్ వెయ్యాలి. వెనక గేరుబాక్సు షాఫ్టు కూర్చునే పైలట్ బుష్ సైజు కూడా వేరుగా ఉండొచ్చు. క్రాంకు షాపులో ఉండగానే అవి కొలిపించు, గేరుబాక్సు ఎత్తి పట్టుకుని కింద పడుకున్నప్పుడు కాదు. హెడ్డు నీదే ఉంచుకో. ఎవరైనా 2000, 2001 నాటి 0331 నంబరు హెడ్డు చవగ్గా ఇస్తామంటే దండం పెట్టి వచ్చెయ్యి, మూడు, నాలుగు సిలిండర్ల మధ్య పగలడంలో దానికి పెద్ద పేరు.

పెట్రోలు సంగతి. నీ కంప్యూటర్ గాలిని నేరుగా కొలవదు. మ్యానిఫోల్డ్ ఒత్తిడి చూసి, ఇది 4.0 ఇంజను అనే నమ్మకంతో పోస్తుంది. ఇంజను 16 శాతం పెరిగిందని దానికెవరూ చెప్పరు. అందుకని ఇంజెక్టర్లు ఆ మేరకు పెద్దవి వెయ్యాలి, చాలామంది గంటకి 24 పౌండ్ల పెట్రోలు రేటింగువి వేస్తారు. వేశాక స్కానర్ పెట్టి ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ తనంతట పెట్రోలు ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో) చూడు, అటూ ఇటూ పది శాతం లోపుంటే కంప్యూటర్ సర్దుకున్నట్టే. చెరోకీకి అసలే రేడియేటర్ పల్చన. ఇంజను పెద్దదైతే వేడీ పెద్దదే. వాటర్ పంపు, ఫ్యాన్ క్లచ్, రేడియేటర్ పాతవే వేసి ఎండాకాలం పంపిస్తే హెడ్ గాస్కెట్ పోయిందని మళ్ళీ ఉత్తరం రాస్తావు.

బిగించేటప్పుడు తొందరొద్దు. మెయిన్ బేరింగు ఒక్కోదానిలో ఖాళీ కొలిచే మెత్తటి ప్లాస్టిగేజ్ పోగు పెట్టి టార్కుకి బిగించి విప్పి చూడు. సేమ్యా పోగులా పెట్టింది అప్పడంలా నలిగి ఉంటుంది, ఆ వెడల్పుని కాగితం మీది గీతలతో పోల్చు. రెండు థౌల చుట్టుపక్కల రావాలి. ఏడింటిలో ఒక్కటి తేడాగా వచ్చినా ఆగిపో. ఆ రోజు పని ఆ రోజుకి చాలు.

పాత క్యామ్ షాఫ్టే వాడుకుంటే ట్యాపెట్లు (క్యామ్ మీద ఆని వాల్వుల్ని ఎత్తే ముక్కలు) ఏ గుంటలోంచి తీశావో మళ్ళీ ఆ గుంటలోకే పోవాలి. ఇవి చదును ట్యాపెట్లు, ఏళ్ళ తరబడి తమ క్యామ్‌తో కలిసి అరిగి ఉంటాయి. తారుమారైతే క్యామ్ తినేస్తుంది. నేను మా ఆవిడ పక్కన పడేసిన ఇడ్లీ స్టాండు వాడతాను. మూడు రేకులు, నాలుగేసి గుంటలు, ట్యాపెట్లు సరిగ్గా పన్నెండు. పై రేకుకి ఎర్ర రంగు చుక్క పెట్టి అక్కడి నుంచి వరస. కొత్త క్యామ్ వేస్తే మాత్రం ట్యాపెట్లూ కొత్తవే.

మొదటి స్టార్టుకి ముందు డిస్ట్రిబ్యూటర్ తీసి, పొడుగు స్క్రూడ్రైవర్ కడ్డీని డ్రిల్లుకి తగిలించి ఆయిలు పంపు తిప్పు. గేజిలో ఒత్తిడి లేచేదాకా తాళం ముట్టుకోకు. జింకు ఎక్కువున్న ఆయిలు పొయ్యి. కొత్త క్యామ్ అయితే, ఇంజను అందుకున్న క్షణం నుంచి 20 నిమిషాలు 2 వేల ఆర్‌పీఎం పైన ఉంచు, ఐడిల్‌లో వదలొద్దు. పక్కింటివాళ్ళకి ముందే చెప్పు. మా వీధిలో ఒకాయన పోలీసులకి ఫోన్ చేశాడు.

కాగితాల మాట. టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి మామూలు బళ్ళకి సేఫ్టీ తనిఖీ తీసేశారు. పొగ పరీక్ష డాలస్‌తో సహా కొన్ని కౌంటీల్లో ఉంది గానీ 24 ఏళ్ళు దాటిన బండికి అక్కర్లేదు, నీది దాటింది. రేపు ఉద్యోగం మారి బే ఏరియాకి వెళ్ళావనుకో, కాలిఫోర్నియాలో 1976 నుంచీ వచ్చిన పెట్రోలు బళ్ళకి, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ) పరీక్ష ఉంది. ఈ ఇంజనుతో అక్కడ ఇబ్బందే.

కాబట్టి వరస ఇది. ఈ శనివారం కంప్రెషన్ గేజి. దాని ఫలితం ఎలా వచ్చినా, ముందు 4.10 యాక్సిళ్ళ వేట. అవి వేసి ఒకసారి బార్న్‌వెల్ వెళ్ళిరా. గేజిలో సిలిండర్లు అరిగినట్టు తేలి ఉంటే, మిగిలిన డబ్బుతో మెషీన్ షాపుకి. రెండూ కలిపి మూడు వేలలో ఇరుకే. ఇంజను పని రెండు దఫాలుగా, ఆర్నెల్లు సాగదీసి చెయ్యి. బండి రోజూ ఆఫీసుకి తీసుకెళ్ళేది కాదనుకుంటాను.

ఆరు సిలిండర్ల అంకెలూ వరసగా రాసి పంపు. ఈలోగా ఏ ఈగిలైనా కంటపడితే, క్రాంకు ఎలా మోగిందో కూడా రాయి.